మళ్లీ మళ్లీ పచ్చబడే ఈత కొలను

ఈత కొలనులో నీళ్లు పచ్చబడ్డాయంటే అందులో పాచి పెరుగుతోందన్నమాట. ఆ పాచి ఏ ఒక్క జాతో కాదు. క్లోరెల్లా, క్లామిడోమోనాస్, సీనడెస్మస్ లాంటి ఏకకణ శైవలాల సంత అది. ఒక్కో కణం వెంట్రుక మందంలో అటూఇటుగా పదో వంతు ఉంటుంది. గాలిదుమ్ముతో, వానచినుకుతో, రాలిన ఆకుతో, నిన్న చెరువులో ఈదిన నిక్కరునే ఇవాళ పూల్‌లోకి వేసుకొచ్చిన కుర్రాడితో అవి వచ్చి పడుతూనే ఉంటాయి. రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చినవి వచ్చినట్టు చచ్చిపోవాలి, అంతే. ఎండ, వెచ్చదనం, తిండి అమరితే రోజుకు రెట్టింపయ్యే జాతులివి. ఆ లెక్కన పది రోజుల్లో వెయ్యింతలవుతాయి. చివరి రెండు మూడు రోజుల దాకా కంటికి రంగు ఆనదు. అందుకే "శనివారం తళతళలాడింది, సోమవారానికి పచ్చబడింది" అనే మాటలో సగమే నిజం. శనివారానికే పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో పూల్ ఇప్పుడు మామూలైపోయింది. వారమంతా ఖాళీగా పడి ఉండి, శని ఆదివారాల్లో జాతరలా నిండడం వీటి తీరు. విల్లాల్లోవీ, అమెరికాలో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల పెరళ్లలోవీ ఇంతకన్నా నెమ్మదైన బతుకే బతుకుతాయి గానీ పాచి కథ ఎక్కడైనా ఒకటే. లెక్కల కోసం 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతున్న కొలనును తీసుకుందాం. దానిలో పట్టేవి 60,000 లీటర్లు. వెయ్యి లీటర్లలో ఒక గ్రాము కలిస్తే ఒక పీపీఎం. అంటే ఈ కొలనుకు ఒక పీపీఎం క్లోరిన్ కావాలంటే 60 గ్రాములు పడుతుంది.

పాచి ముందుగా పట్టేది నీళ్లలో కాదు, గోడకు. అదీ నీడవైపు గోడకు, నీటి కదలిక తక్కువగా ఉండే మూలలకు. దిగే నిచ్చెన వెనక టైలు మీద వేలితో రాస్తే జారుడుగా తగులుతుంది. అప్పటికి నీళ్లు ఇంకా నీలంగానే ఉంటాయి. బ్రష్‌తో ఒకసారి గీస్తే గోడ నుంచి పచ్చటి పొగలాంటిది లేచి నీళ్లలో కలిసిపోతుంది. టైళ్ల మధ్య సిమెంటు గీతల్లో మాత్రం రంగు అలాగే నిలిచిపోతుంది. మన దగ్గర కొలనులు చాలావరకు చిన్న చిన్న గాజు టైళ్లవి కాబట్టి ఈ గీతలు వేలల్లో ఉంటాయి. పాచికి అవే పుట్టిళ్లు.

పచ్చగా కనబడేదల్లా పాచి కాదు. బోరు నీళ్లలో ఇనుము ఉన్నా, ఎవరైనా అంతకుముందు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసి ఉన్నా, నీళ్లు ఆకుపచ్చగా మారవచ్చు. తేడా పట్టడం కష్టమేమీ కాదు. లోహం వల్ల వచ్చిన రంగులో నీళ్లు తేటగానే ఉంటాయి, గోడలు జారవు. పాచి వల్లనైతే నీళ్లు మసకబారతాయి. ఇంకా అనుమానముంటే తెల్లటి బకెట్‌లో కొలను నీళ్లు పట్టి, మూతెడు హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రవం, పోసి, గంటసేపు వదిలేయాలి. పాచి అయితే పచ్చదనం వెలిసిపోయి బూడిదరంగుకు తిరుగుతుంది. ఇనుమైతే రంగు ఇంకా ముదిరి టీ డికాషన్ వైపు వెళుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా కొలనులోకి క్లోరిన్ గుమ్మరించి, టైళ్లన్నీ తుప్పుమరకలు చేసుకున్న సందర్భాలున్నాయి.

పాచిని చంపేది క్లోరినే. ఏ రూపంలో వేసినా అది నీళ్లలో రెండుగా చీలుతుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, రెండోది హైపోక్లోరైట్. మొదటిది కణం గోడలోంచి దూరి లోపల దెబ్బకొట్టే రకం. రెండోది దాని ముందు చాలా బలహీనం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది నీటి పీహెచ్. అది 7.2 ఉంటే సుమారు మూడింట రెండు వంతులు పనికొచ్చే రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగం, 8కి చేరితే పావు వంతు. దక్కను బోరు నీళ్లు గట్టివి, క్షారగుణం ఎక్కువ. పంపు తిప్పుతున్నకొద్దీ వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి పీహెచ్ దానంతటదే పైకి పాకుతుంది. కాబట్టి వారానికోసారైనా యాసిడ్ పోసి దించుకోవాల్సిందే.

క్లోరిన్ లేకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా టీవీల్లో చూసింది. 2016 ఆగస్టు 9న రియో ఒలింపిక్స్‌లో మరియా లెంక్ ఆక్వాటిక్ సెంటర్‌లోని డైవింగ్ కొలను ఆకుపచ్చగా తేలింది. మర్నాటికి పక్కనున్న వాటర్‌పోలో కొలనూ అదే దారి పట్టింది. ఆగస్టు 5న వాటిలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారని నిర్వాహకులు తర్వాత వెల్లడించారు. పెరాక్సైడూ క్లోరినూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. నీళ్లలో క్లోరిన్ పని ఆగింది, నాలుగు రోజుల్లో రంగు తేలింది. చివరికి సమకాలిక ఈత పోటీల కోసం సుమారు 37 లక్షల లీటర్ల నీటిని పూర్తిగా మార్చాల్సి వచ్చింది. అంత సాంకేతిక బలగం ఉన్నచోటే నాలుగు రోజుల్లో పచ్చబడితే, ఆదివారం సాయంత్రం వాచ్‌మన్ చేతిలో వదిలేసిన కొలను సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే రియోలో జరిగింది ఒక్కసారి జరిగిన పొరపాటు. రోజూ మందు వేస్తున్నా, శుభ్రం చేస్తున్నా, ప్రతి రెండు మూడు వారాలకూ పచ్చబడే కొలనుల సంగతి వేరు. అక్కడ క్లోరిన్ ఉంటుంది, ఉండీ పనిచేయదు. పీహెచ్ గురించి పదిమంది చెబుతారు గానీ, ఈ అసలు కారణం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

నడినెత్తి ఎండలో ఉట్టి క్లోరిన్ గంటలోపే సగానికి సగం నశించిపోతుంది. దానికి గొడుగు పట్టేది సయన్యూరిక్ ఆమ్లం, దుకాణాల భాషలో స్టెబిలైజర్. ఇది క్లోరిన్‌ను పట్టుకుని ఉంచి, ఖర్చయినకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. 30 నుంచి 40 పీపీఎం ఉంటే మేలు చేస్తుంది. చిక్కేమిటంటే, కొలనులకు ఇక్కడ ఎక్కువగా వాడే టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం) పొడిలోనూ, బిళ్లల్లోనూ ఈ ఆమ్లం కలిసే ఉంటుంది. క్లోరిన్ వాడకమై పోతుంది. ఆమ్లం పోదు. ఎండకు ఆవిరి కాదు, వడపోతకు చిక్కదు. నీళ్లు తీసేస్తేనే తగ్గుతుంది.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. మన 60,000 లీటర్ల కొలనుకు రోజుకు 2 పీపీఎం క్లోరిన్ కావాలంటే 120 గ్రాములు, అంటే 90 శాతం టీసీసీఏ 133 గ్రాములు. ఈ పద్ధతిలో ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కూ 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం వెనక మిగులుతుంది. రోజుకు 1.2, నెలకు 36, వంద రోజులకు 120. పాచిని అదుపులో పెట్టాలంటే స్టెబిలైజర్ ఎంత ఉంటే అందులో ఏడున్నర శాతం క్లోరిన్ ఎప్పుడూ నిలిచి ఉండాలన్నది ఈ రసాయనాల లోతు తెలిసినవారు పాటించే కొండగుర్తు. స్టెబిలైజర్ 40 ఉన్నప్పుడు 3 పీపీఎం క్లోరిన్ చాలు. 120కి చేరితే 9 కావాలి. కొలను చూసుకునేవాడు మాత్రం మొదటి రోజున నేర్పినట్టే రెండు, మూడు దగ్గరే ఉంచుతాడు. క్లోరిన్ కొలిచే కిట్‌లో రంగు చక్కగా కనబడుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడ్డ డబ్బులా క్లోరిన్ లెక్కలో ఉంటుంది, చేతికి రాదు. జనవరిలో పనిచేసిన మోతాదు ఏప్రిల్‌లో ఎందుకు పనిచేయదో ఇదే వివరణ. ఎండలు ముదిరాయని చెప్పడం సులువైన సమాధానం మాత్రమే.

మన దగ్గర ఎక్కువగా దొరికే చవక కిట్‌లో పసుపురంగు వచ్చే ద్రవం ఉంటుంది. అది మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది. పనికొచ్చేది ఎంత, చెమటతో, మూత్రంతో కలిసి చచ్చుబడింది ఎంత అని విడదీయదు. గులాబీరంగు వచ్చే డీపీడీ కిట్ ఆ పని చేస్తుంది. కానీ దానికీ ఒక మెలిక ఉంది. క్లోరిన్ పది పీపీఎం దాటితే గులాబీరంగే వెలిసిపోయి, కొలనులో క్లోరిన్ అసలే లేదనిపిస్తుంది. అలా మోసపోయి మరో డబ్బా గుమ్మరించినవాళ్లు ఉన్నారు. ఎక్కువ మోతాదులు కొలవాలంటే చుక్కలు లెక్కపెట్టే డీపీడీ కిట్ కావాలి. స్టెబిలైజర్ కొలిచే తీరు మరీ వింతగా ఉంటుంది. కొలను నీళ్లూ, మెలమైన్ ద్రవమూ సమంగా కలిపితే పాలుకలిపినట్టు తెల్లబడతాయి. ఆ నీటిని అడుగున నల్లచుక్క ఉన్న సన్నటి గొట్టంలోకి మెల్లగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క ఎక్కడ మాయమైతే అక్కడి గీతే కొలత. స్టెబిలైజర్ ఎంత ఎక్కువుంటే చుక్క అంత తొందరగా కనుమరుగవుతుంది. మెలమైనూ, సయన్యూరిక్ ఆమ్లమూ కలిస్తే గడ్డకట్టే ఈ గుణమే 2007లో అమెరికాలో కల్తీ ఆహారం తిన్న పెంపుడు జంతువుల మూత్రపిండాలను పాడుచేసింది.

స్టెబిలైజర్ 100 దాటిందని తేలితే సగం నీళ్లు తీసి కొత్తవి పోయడం తప్ప దారిలేదు. 120 ఉంటే 60కి దిగుతుంది. 30,000 లీటర్లంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. మే నెలలో ఆ మాట ఎవరికీ రుచించదు. వానాకాలంలో రుచిస్తుంది గానీ, అప్పుడు కొలనును పూర్తిగా ఖాళీ చేయడం ప్రమాదం. చుట్టూ నేల తడిసి, భూగర్భ జలం పైకొచ్చినప్పుడు ఖాళీ తొట్టి పడవలా పైకి తేలుతుంది, ముఖ్యంగా ఫైబర్‌గ్లాస్‌ది. టైళ్ల కొలనైతే పగులుతుంది. సగం సగంగా రెండు విడతల్లో మార్చుకోవడం క్షేమం. తీసేసే నీళ్లలో క్లోరిన్ ఎండకు సున్నాకు దిగేదాకా ఆగి వదిలితే మొక్కలూ, దిగువన చెరువూ బతుకుతాయి.

ఇక ఉన్న పాచిని చంపే పని. ముందు పీహెచ్ 7.2కి దించుకోవాలి. క్లోరిన్ బాగా పెరిగాక పీహెచ్ చూపే రంగు తప్పు చెబుతుంది కాబట్టి ఈ పని మొదటే అయిపోవాలి. తర్వాత క్లోరిన్‌ను స్టెబిలైజర్‌లో 40 శాతానికి పెంచాలి. స్టెబిలైజర్ 40 ఉన్న కొలనుకు ఇది 16 పీపీఎం, అంటే 960 గ్రాముల క్లోరిన్, పది శాతం సోడియం హైపోక్లోరైట్ అయితే సుమారు పది లీటర్లు. పొద్దు వాలాక పోస్తే ఎండ తినేయదు. ఒకసారి పోసి వదిలేస్తే మాత్రం డబ్బు దండగ. పాచి క్లోరిన్‌ను తింటూనే ఉంటుంది. మొదటి రోజు రెండు మూడు గంటల్లోనే సగం పోవచ్చు. తగ్గినంతా మళ్లీ నింపుతూ, రోజుకు రెండుసార్లు గోడలూ, మెట్లూ, మూలలూ బ్రష్‌తో రుద్దుతూ, పంపు ఆపకుండా తిప్పాలి. టైళ్లకూ, ఫైబర్‌కూ నైలాన్ బ్రష్. ఉక్కు తీగల బ్రష్ సిమెంటు గచ్చుకే.

రెండో రోజో, మూడో రోజో పచ్చదనం పోయి నీళ్లు కలి నీళ్లలా బూడిదరంగులోకి తిరుగుతాయి. పాచి చచ్చింది, కానీ ఇంకా నీళ్లలోనే ఉంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. రెండు మాత్రలకు జ్వరం తగ్గిందని మిగతావి పడేసినట్టే ఇది. పని పూర్తయిందని మూడు గుర్తులు చెబుతాయి. అడుగున డ్రెయిన్ జాలీ గీతలు లెక్కపెట్టగలిగేంత తేటదనం రావాలి. చచ్చుబడిన క్లోరిన్ 0.5 పీపీఎం దాటకూడదు. మూడోది అసలైనది. పొద్దుగూకాక కొలిచిన క్లోరిన్‌ను, తెల్లవారకముందు కొలిచినదానితో పోల్చాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి క్లోరిన్ తగ్గితే దాన్ని తిన్నది పాచో, మిగిలిన మురికో. ఒక పీపీఎం కన్నా తక్కువ తగ్గితేనే కొలను శుభ్రపడినట్టు. రంగు చూసి ఆపిన కొలను మళ్లీ పచ్చబడుతుంది, ఈ రాత్రి పరీక్ష చూసి ఆపినది సాధారణంగా పచ్చబడదు.

ఇంత చేసినా తిరగబెట్టిందంటే ఎక్కడో పాచి దాక్కుని ఉన్నట్టు. నీళ్లలోపలి లైటు వెనక గూడు చాలాచోట్ల దోషి. మరలు తీసి, తీగ వదులుచేసి, లైటును బయటికి లాగితే వెనకంతా వెల్వెట్ గుడ్డ పరిచినట్టుంటుంది. నీటిపై తేలే చెత్తను లాగే స్కిమ్మర్ లోపలి గోడలు, నిచ్చెన గొట్టాల బోలు, తేలే బంతులు, పనివాడి బ్రష్, వ్యాక్యూమ్ పైపు కూడా చూడాల్సినవే. ఇసుక ఫిల్టర్ గేజ్ శుభ్రమైన రోజున చూపినదానికన్నా 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగిందంటే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. చచ్చిన పాచి వస్తున్నప్పుడు ఇది రోజుకు రెండుసార్లు కూడా పడుతుంది. బ్యాక్‌వాష్ తర్వాత రిన్స్‌లో అర నిమిషం తిప్పకపోతే మురికి తిరిగి కొలనులోకే వస్తుంది. ఏళ్ల తరబడి మార్చని ఇసుకలో నీళ్లు కాలువలు తవ్వుకుని, వడపోత లేకుండానే జారిపోతాయి.

పంపు ఎంతసేపు తిరగాలన్నదానిమీద పొదుపు చేసేవాళ్లు ఎక్కువ. గంటకు పదివేల లీటర్లు తోడే పంపు మన కొలను నీళ్లన్నీ ఆరు గంటల్లో తిప్పేస్తుందని కాగితం మీద లెక్క. నిజానికి వడగట్టిన నీళ్లు వడగట్టని నీళ్లతో కలుస్తూ ఉంటాయి. ఒక చుట్టు తిరిగేసరికి 63 శాతం నీళ్లే ఫిల్టర్‌ను చూస్తాయి. రెండు చుట్లకు 86, మూడింటికి 95. రోజుకు నాలుగు గంటలు తిప్పి తేటగా ఉండాలనుకోవడం అత్యాశే.

ఈ కష్టానికి అడ్డదారులు చాలా ఉన్నాయి. మైలుతుత్తం పాచిని ఆపుతుంది, నిజమే. కానీ రాగి నీళ్లలోనే ఉండిపోయి టైళ్ల మీద నీలిమరకలు పెడుతుంది, నెరిసిన జుట్టుకు పచ్చఛాయ కూడా తెస్తుంది. పటిక వేస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని ఫిల్టర్‌లోకి లాగకుండా నేరుగా బయటికి వ్యాక్యూమ్ చేస్తేనే ఉపయోగం. బ్లీచింగ్ పౌడర్ చవకే. అయితే అందులో క్లోరిన్ మూడో వంతు, మిగిలింది సున్నం. గట్టినీళ్ల కొలనుకు అది గోరుచుట్టుపై రోకటిపోటు. ఫాస్ఫేట్ తీసేసే మందులు పాచికి తిండి తగ్గిస్తాయి గానీ, క్లోరిన్ సరిగా ఉన్న కొలనులో వాటి అవసరమే రాదు. దానికన్నా పక్కనున్న లాన్‌కు వేసిన యూరియా, డీఏపీ వానకు కొలనులోకి కొట్టుకురాకుండా గట్టు కట్టుకోవడం మేలు.

పంప్ రూమ్‌లో టీసీసీఏ డబ్బా, బ్లీచింగ్ లేదా కాల్షియం హైపోక్లోరైట్ డబ్బా పక్కపక్కన ఉండకూడదు. ఒకే గరిటెతో రెండూ తీసినా మంట అంటుకోవచ్చు, పేలవచ్చు. యాసిడ్ ఏ క్లోరిన్‌తో కలిసినా విషవాయువు వస్తుంది. మందును నీళ్లలో వేయాలి గానీ, మందు మీద నీళ్లు పోయకూడదు.

శుభ్రపడిన కొలనును నిలుపుకోవడానికి టీసీసీఏను సెలవులప్పటి అవసరానికి వదిలి, రోజువారీ హైపో వాడడం మేలైన పద్ధతి. దానిలో స్టెబిలైజర్ ఉండదు. మన కొలనుకు రోజూ సాయంత్రం సుమారు లీటరుంబావు. హైపో హైదరాబాద్ ఎండలకు డబ్బాలోనే బలం కోల్పోతుంది కాబట్టి కొద్దికొద్దిగా కొని, నీడన ఉంచాలి. ఖర్చు పెట్టగలిగినవాళ్లకు ఉప్పు క్లోరినేటర్ ఉంది. మొదట రెండు క్వింటాళ్లకు కాస్త తక్కువ ఉప్పు పడుతుంది. తర్వాత యంత్రమే ఆ ఉప్పులోంచి క్లోరిన్ తీస్తుంది. పీహెచ్ పైకి లాగే గుణం మాత్రం దానిది ఎక్కువే. నలభైమంది దిగిన ఆదివారం రాత్రికీ, పెద్దవాన పడిన రాత్రికీ మామూలు మోతాదు చాలదు. సోమవారం దాకా ఆగకుండా ఆ రాత్రే రెట్టింపు పోసి, పంపు తెల్లవార్లూ తిప్పాలి.

అడుగు కనబడని పచ్చనీళ్లలోకి ఎవరినీ దిగనివ్వకూడదు. ఆ పాచి చాలావరకు ఒంటికి హాని చేయదు. కానీ మునిగిన మనిషి పైనుంచి కనబడడు. పైగా పాచి బతికిందంటే క్లోరిన్ లేదనే లెక్క. అతిసారం తెచ్చే క్రిములకూ అక్కడ అడ్డులేదు.

నెలల తరబడి వాడని కొలను దోమల తొట్టవుతుంది. అప్పులు కట్టలేక జనం ఇళ్లు వదిలేసిన 2007లో, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల పెరటి కొలనులు ఇలాగే పచ్చబడ్డాయి, ఆ వేసవిలోనే అక్కడ దోమలు మోసే వెస్ట్ నైల్ జ్వరాలు పెరిగాయి. వాడకపోయినా పంపు తిప్పుతూ, మందు వేస్తూ ఉండడమే పద్ధతి. అదీ కుదరకపోతే కొలనును చెరువుగా ఒప్పుకుని గంబూసియా చేపలు వదలవచ్చు. అవి దోమ పిల్లలను తినేస్తాయి. మళ్లీ ఈతకు సిద్ధం చేసేటప్పుడు, మొదటి క్లోరిన్ డబ్బా విప్పకముందే వాటిని వలతో పట్టి తొట్టిలోకి మార్చాలి. ఊరి చెరువులో వదిలితే అక్కడి చేపపిల్లలను తింటాయి.